నంబరు చదవమన్న అక్క

ఆమె చనిపోయిందని తెలిసినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మధ్యాహ్నం బడిలో పిల్లలు భోజనాలకు కూర్చున్నారు. ఆమె కూతురు ఫోన్ చేసి, "టీచరమ్మా, మాయమ్మ పోయింది" అంది. నేను అయ్యో అనలేదు. ఎప్పుడు అని కూడా అనలేదు. "నంబరు పెరిగిందా?" అని అడిగాను.

"లేదు టీచరమ్మా. రొయ్యలు ఏరతా కూర్చున్న తావునే ఒరిగిపోయింది. గుండె అన్నారు" అంది.

ఒక మనిషి పోయిందని విని, ఆమెను తీసుకుపోయింది మా ఇద్దరికీ వచ్చిన జబ్బు కాదని తెలిసి నేను ఊరట పడ్డాను. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది.

మా ఇద్దరికీ మెడ కింద, ఒకే చోట, ఒకే రకం గీత ఉండేది. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని మొత్తం తీసేశాక, మిగిలిన ముక్కాచెక్కా పోవడానికి అయోడిన్ మందు తాగించాక, ఇక రోగికి మిగిలేవి రెండే: రోజుకొక మాత్ర, ఆరునెలలకొక రక్త పరీక్ష. థైరోగ్లోబ్యులిన్ అని ఒక పదార్థం ఉంటుంది. దాన్ని ఆ గ్రంథి తప్ప ఒంట్లో ఇంకేదీ తయారు చేయదు. గ్రంథే లేని మనిషి రక్తంలో అది దాదాపు కనబడకూడదు. కనబడి, పెరుగుతూ పోతే, ఎక్కడో జబ్బు కణాలు మిగిలి పని చేస్తున్నాయని అనుమానించాలి. డాక్టరు నాకు ఇదంతా రెండు నిమిషాల్లో చెప్పాడు. ఆ రెండు నిమిషాల మాటతోనే ఏడేళ్ళుగా బతుకుతున్నాను.

ఆమెను మొదట చూసింది నెల్లూరులో మేం రక్తం ఇచ్చే ల్యాబులో. ఏప్రిల్ నెల ఎండ. పైన ఫ్యాను తిరుగుతోందో లేదో తెలియనంత నిదానంగా తిరుగుతోంది. అందరం చెమటలు తుడుచుకుంటుంటే ఆమె మాత్రం మెడచుట్టూ తువ్వాలు చుట్టుకుని, కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని, పడవలో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. నల్లటి బలమైన చేతులు. ఒళ్ళో వార్తాపత్రిక కాగితంలో చుట్టిన పొట్లం. దానిలోంచి ఎండు రొయ్యల వాసన హాలంతా నిండిపోయింది. అది రక్తం తీసే ఆయన కోసం తెచ్చిందని తర్వాత తెలిసింది. ప్రతిసారీ తెచ్చేది. ఆయన ప్రతిసారీ, "వద్దు తల్లీ, ఇక్కడ ఇట్టాంటివి తీసుకోకూడదు" అనేవాడు. ప్రతిసారీ తీసుకునేవాడు.

"నీదీ గొంతేనా?" అని అడిగింది నన్ను. గొంతు బొంగురుగా, ఎవరో లోపల్నుంచి నొక్కి పట్టినట్టుగా వచ్చింది. ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బ తిన్నదట. అంతకు ముందు ఆమె కేక వేస్తే వాళ్ళ ఊరి సరస్సులో పడవలు గట్టు వైపు తిరిగేవని ఆమె ఊరివాళ్ళు తర్వాత నాతో చెప్పారు.

"అవునక్కా" అన్నాను.

"ఎట్ట తెలిసిందో జెప్పనా? చీర కొంగు మెడ మీదికి లాక్కుంటా ఉండావు. నేను తువ్వాలు చుట్టుకున్నట్టు."

ఆమెది చిట్టమూరు అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె. నాది కొడవలూరు. ఆ బెంచీ మీద తప్ప మేం కలుసుకునే అవకాశమే లేదు. ఇద్దరికీ ఒకే వారంలో పరీక్ష పడేది కాబట్టి ఆ తర్వాత ప్రతి ఆరునెలలకూ కలుసుకునేవాళ్ళం. సోమవారం రక్తం ఇవ్వాలి. అది చెన్నైకి పోయేది. గురువారం రిపోర్టు వచ్చేది. ఆ రోజే మా డాక్టరు కూడా నెల్లూరుకు వచ్చి కూర్చునేవాడు.

రక్తం ఇచ్చేటప్పుడు ఆమె పద్ధతి వేరు. ఈ పరీక్షకు పరగడుపున రానక్కర్లేదని రక్తం తీసే ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆమె తినకుండానే వచ్చేది. "భయం కడుపు నిండా ఉంటే ఇంక అన్నానికి చోటెక్కడ నాయనా" అనేది. సూది గుచ్చుతుంటే కళ్ళు మూసుకునేది కాదు. గొట్టంలోకి ఎక్కుతున్న రక్తాన్నే చూస్తూ, "చాలునా? ఇంకొంచెం తీసుకో. తక్కువైతే తప్పు జెప్తాది" అని బతిమాలేది. ఆయన చీటీ మీద పేరు రాసి గొట్టానికి అతికించేదాకా కుర్చీ దిగేది కాదు. ఆమెకు చదువు రాదు. అయినా ఆ చీటీని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసేది.

సోమవారానికీ గురువారానికీ మధ్య రోజుల్లో నేను బడిలో పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయేదాన్ని. వాక్యం మధ్యలో, కిటికీ వైపు చూస్తూ. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు చెబితే, ఆమె తలూపి, "నేను వలలో చేపల్ని ఏరి మళ్ళా నీళ్ళలోనే పారేసినా. మొన్న. మా కోడలు అరిస్తే గదా తెలిసింది" అంది. ఇద్దరం నవ్వాం. వెంటనే ఆపేశాం.

"భయానికి తోడుంటే సగం అవతాదంటారు గదా. అబద్ధం టీచరమ్మా" అని ఒకసారి అంది. "రెండింతలు అవతాది. నా నంబరూ చూసుకోవాల, నీ నంబరూ చూసుకోవాల."

రిపోర్టు చదవడం నా పని. కవరు చించి, కాగితం నా చేతిలో పెట్టి ఆమె గోడ వైపు తిరిగి నిలబడేది. మొదటిసారే ఆమెకు నేనొక గుర్తు నేర్పాను. అంకె ముందు పక్కకు తిరిగిన ఒక చిన్న గుర్తు ఉంటుంది, దాని అర్థం "ఇంతకంటే తక్కువ" అని. మిషను పట్టుకోలేనంత తక్కువ. మాలాంటి వాళ్ళకు అంతకు మించిన మంచి మాట లేదు. ఆమె ఆ గుర్తును చూసి, "గాలం మాదిరి ఉండాదే" అంది. అప్పట్నుంచీ ఆమె అడిగే ప్రశ్న ఒకటే.

"గాలం ఉండాదా టీచరమ్మా?"

"ఉంది అక్కా."

అప్పుడు ఇటు తిరిగేది. నా చేతిలోంచి కాగితం లాక్కుని, ఆ గుర్తును వేలితో తడిమి, మడిచి జాకెట్‌లో పెట్టుకునేది. అప్పుడు నా కవరు విప్పమనేది. ముందు నాది విప్పనిచ్చేది కాదు. "నీది మంచిగా వస్తే నీ మొగం వెలిగిపోతాది. ఆ మొగంతో నాది చదవొద్దు" అనేది.

అలా నాలుగుసార్లు గాలం ఉంది. ఐదోసారి లేదు.

ఏడు పాయింట్ మూడు అని ఉంది. ముందు ఏ గుర్తూ లేదు. పక్కన నల్లటి ముద్ద అక్షరాల్లో 'హై' అని ఉంది. నేను ఆ అంకెను రెండుసార్లు చదివాను. పేరు చదివాను. ఆమె పేరే. ఆమె గోడ వైపు తిరిగి, తువ్వాలు కొసను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో ఇంకా విప్పని నా కవరు ఉంది.

"గాలం ఉండాదా టీచరమ్మా?"

"ఉంది అక్కా" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. ఆమె మీద జాలితో అన్నానని కొన్నాళ్ళు నమ్మాను. అది పూర్తి నిజం కాదు. ఆ అంకెను పైకి చదివితే అది నా కవరులోకి కూడా వస్తుందని నాకు అనిపించింది. పదిహేనేళ్ళుగా పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని. అయినా అలాగే అనిపించింది. ఇంకో గంటలో డాక్టరు చూస్తాడు, ఆయనే చెబుతాడులే అనుకున్నాను. చెప్పాల్సింది ఆయనే కదా అని కూడా అనుకున్నాను. కాగితాన్ని ఆమె చూడకుండానే మడిచి, కవరులో పెట్టి ఇచ్చాను. ఆమె తడిమి చూడలేదు. నా మాట మీద నమ్మకం కుదిరిపోయి ఉంటుంది. నా కవరు నేను విప్పాను. నాకు గాలం ఉంది.

ఆ రోజు డాక్టరు ఆలస్యంగా వచ్చాడు. చీటీ ప్రకారం నాకు ముందు పిలుపు వచ్చింది. నేను లోపలికి వెళ్ళి బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. పక్క బెంచీ మీదున్న ఆవిడ, "ఆయమ్మ బస్సుకు టైమైందని పోయిందండీ. నంబరు మంచిగా ఉంటే డాక్టరుతో ఏం పని, మాత్రలు ఇంకోసారి రాయించుకుంటా అనింది" అని చెప్పింది.

నేను రోడ్డు మీదికి పరుగెత్తాను. బస్టాండు దాకా ఆటోలో వెళ్ళాను. గూడూరు బస్సు వెళ్ళిపోయింది.

ఆమె దగ్గర ఫోను ఉండేది కాదు. పక్కింటివాళ్ళ నంబరు ఒకటి ఇచ్చింది. ఆ సాయంత్రం చేశాను, మోగలేదు. మర్నాడు చేశాను, ఎవరో మగమనిషి ఎత్తి, పడవలో ఉన్నానని పెట్టేశాడు. అంతటితో ఆగిపోయాను. వచ్చే గురువారం మాత్రల కోసం వస్తుంది కదా అనుకున్నాను. ఆ గురువారం సెలవు పెట్టి, డాక్టరు గది ముందు మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రాలేదు. నా గొంతులోనే ఏదో తిరిగి మొలుస్తోందేమోనని రోజుకు ఇరవైసార్లు తడుముకున్నాను. రెండో గురువారమూ, మూడో గురువారమూ కూడా రాకపోయేసరికి, ఆ ఆదివారం చర్చిలో ఆరాధనకు వెళ్ళకుండా బస్సెక్కాను.

గూడూరులో బస్సు మారి, చిల్లకూరు దాటి, చిట్టమూరులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను. సరస్సు కనబడేసరికి అన్నీ పోయాయి.

ఆమె ఇంటి ముందు పట్ట పరుచుకుని రొయ్యలు ఎండబెడుతోంది. మెడకు తువ్వాలు లేదు. మొదటిసారి ఆమె మెడను పూర్తిగా చూశాను. నన్ను చూసి లేచి, రెండు చేతులూ రొయ్యల పొట్టుతోనే ఉంటే మోచేతులతో నన్ను దగ్గరికి తీసుకుంది.

"ఇంత దూరం వచ్చినావా! ఒక్కదానివే? మ్మే, చాప తెండి" అని లోపలికి కేకేసింది. ఆ బొంగురు గొంతుతో కేక సరిగ్గా రాలేదు. తనే నవ్వింది. "పోయిన ఆదివారం గంగమ్మకు పొంగలి పెట్టినా టీచరమ్మా. కోడిని కోసినా. నంబరు మంచిగా ఉండాదని. నీ పేరు గూడా జెప్పినా అమ్మకు."

చాప మీద కూర్చున్నాను. ఆమె వినకుండా చేపల పులుసు, అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చుని, నేను తినేది చూస్తోంది. రెండో ముద్ద కలిపి కంచంలోనే వదిలేశాను.

"అక్కా, ఆ కాగితంలో గాలం లేదు" అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"నేను అబద్ధం చెప్పాను. నంబరు పెరిగింది. నాకు భయమేసి చెప్పలేకపోయాను."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. నా చేతికంటిన పులుసు ఆరిపోయింది. వచ్చినప్పుడు ఆమె చేతిలో ఆ కవరు ఉంది. కాగితం తీసి నా ముందు పరిచింది.

"చూపించు. యాడ లేదు?"

చూపించాను. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టింది. దాని ముందున్న ఖాళీ చోటు మీద వేలు పెట్టింది.

"ఇదేనా?"

"అదే."

"మూడు వారాలు" అంది. "మూడు వారాలు నేను నిద్రపోయినా టీచరమ్మా. హాయిగా. ఆపరేషన్ అయినాక అట్ట నిద్రపోయింది లేదు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగే గొంతు కూడా కాదు. "నా భయం నాది గదా. దాన్ని నువ్వెందుకు తీసి దాచిపెట్టుకున్నావు? నువ్వేమన్నా నా బదులు చస్తావా?"

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. తిట్టనూ లేదు. కొంచెంసేపటికి ఆమె మోకాళ్ళు వణకడం చూశాను. కూర్చున్న మనిషి మోకాళ్ళు, చీర కింద, చలికి వణికినట్టు వణుకుతున్నాయి. ఆమె వాటిని రెండు చేతులతో అదిమి పట్టింది. అయినా ఆగలేదు. నా ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, ఎడమ చేతిని ఆమె మోకాలి మీద వేశాను. తీసెయ్యలేదు.

"తిను" అంది చివరికి. "తినేసి ఆ కాగితం పూర్తిగా చదువు. పైనుంచి కిందిదాకా. ఒక్క అక్షరం మింగొద్దు."

చదివాను. అన్ని అంకెలూ, ల్యాబు షరతులూ, చివర్న సంతకం కింద ఉన్న చదువు పేర్లతో సహా.

మర్నాడే ఇద్దరం నెల్లూరు వెళ్ళాం. మెడ స్కానులో ఎడమ పక్కన రెండు చిన్న గడ్డలు కనబడ్డాయి. మూడు వారాల ఆలస్యం గురించి గురువారం డాక్టరు వచ్చినప్పుడు నేనే చెప్పాను. ఈ రకం జబ్బు నిదానంగా పెరుగుతుంది, మూడు వారాలకు ఏమీ కాదమ్మా అన్నాడాయన. ఆ మాట నమ్మాను. కానీ మూడు వారాల బదులు ఆరునెలలు అయి ఉంటే? ఆమె ఆరునెలల తర్వాతే వచ్చి ఉంటే? ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

చెన్నైలో రెండో ఆపరేషన్ అయింది. మళ్ళీ అయోడిన్ మందు. రేడియేషన్ ఉండే ఆ మందు తాగాక ఎవరూ దగ్గరికి రాకుండా గదిలో ఒంటరిగా ఉంచుతారు కదా, అక్కణ్ణుంచి ఆమె నర్సు ఫోను అడిగి తీసుకుని నాకు చేసింది. "టీచరమ్మా, గోడలు తప్ప ఏం లేవు ఈడ. ఏదన్నా మాట్లాడు" అంది. నాకేం మాట్లాడాలో తెలియక, పిల్లలకు చెప్పే పాఠం చెప్పాను. భిన్నాలు. ఆమె విన్నది. "అర్థం కాలా. ఇంకోటి జెప్పు" అంది.

అంకె తగ్గడానికి ఏడాది పట్టింది. ఒకటిన్నర, తర్వాత ఒకటి లోపు. చివరికి మళ్ళీ గాలం వచ్చింది. కానీ ఆమె ఆ తర్వాత ఏనాడూ తన కాగితం నా చేతికి ఇవ్వలేదు. కౌంటరులో ఉన్న ఆయనకు ఇచ్చి, "గట్టిగా చదువు నాయనా. అందరూ వినాల" అనేది. హాలు మొత్తానికీ వినబడేలా ఆయన చదివేవాడు. ఆమె గోడ వైపు తిరిగేది కాదు, ఆయన నోటి వైపే చూసేది. చదవడం అయిపోయాక నా పక్కకు వచ్చి కూర్చుని, నా కవరు నేను విప్పేదాకా నా చెయ్యి పట్టుకునేది. ఆ చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది. గాలం తిరిగి వచ్చిన తర్వాత కూడా.

నాతో మాట్లాడటం మానలేదు. క్షమించానని కూడా ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు.

పెద్దకర్మ రోజున ఆ పల్లెకు రెండోసారి వెళ్ళాను. ఇంటి ముందు పందిరి వేశారు. వచ్చినవాళ్ళు ఆమె కేక గురించి, ఆమె కోపం గురించి చెప్పుకుంటున్నారు. ఎవరో నన్ను చూపించి, "ఆయమ్మే, నెల్లూరు టీచరమ్మ" అన్నారు. భోజనాలు అయ్యాక ఆమె కూతురు నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. సూళ్ళూరుపేట దగ్గర కాపురం. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. వాళ్ళమ్మవే చేతులు.

అటూ ఇటూ చూసి, నా కుడిచెయ్యి పట్టుకుని తన మెడ మీదికి తీసుకుపోయింది. గొంతు ముడి కింద, కొంచెం కుడి పక్కకు.

"ఇది ఏందో చూడు టీచరమ్మా. మూడు నెలలైంది. మాయమ్మకు జెప్పలా. జెప్తే భయపడతాదని."

నా వేళ్ళ కింద రేగుగింజంత గట్టిది ఏదో తగిలింది. నా వేళ్ళు చల్లబడిపోయాయి. పందిట్లో ఎవరో పిల్లాణ్ణి గదమాయిస్తున్నారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.

"ఏం లేదు గదా?" అంది.

లేదు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఉంది" అన్నాను. "చేతికి తగులుతోంది. అది ఏందో నాకు తెలీదు. గొంతులో వచ్చే గడ్డలన్నీ మీ అమ్మకు వచ్చినటువంటివే కావు. చూపిస్తేగానీ తెలీదు. సోమవారం పొద్దున నెల్లూరు బస్టాండులో ఉంటా. రా."

"భయమేస్తా ఉండాది టీచరమ్మా."

"నాకూ వేస్తోంది" అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి వదల్లేదు. ఆమె గుటక మింగినప్పుడల్లా ఆ గడ్డ నా వేళ్ళ కింద పైకీ కిందికీ కదులుతూనే ఉంది.